నెలకోసారి తెరిచే కంటికి వరద కనబడదు

గోదావరికి ఎంత నీరు వస్తే ఏ గూడెం మునుగుతుంది? శబరి మీదికి ఎగపోటు ఎంత దూరం పోతుంది? ఇసుక ఎక్కడ మేట వేస్తుంది? ఏ ఒడ్డు కోసుకుపోతుంది? ఒకప్పుడు ఈ ప్రశ్నలకు మా పెద్దలు ఒడ్డున నిలబడి జవాబు చెప్పేవారు. ఇప్పుడు కంప్యూటరు చెబుతోంది. కంప్యూటరు చెప్పినదాన్ని ఇంజినీరు నివేదికలో రాస్తాడు. ఆ నివేదికను ముందు పెట్టుకుని అధికారి ముంపు జాబితా తయారు చేస్తాడు. జాబితాలో పేరున్న ఊరికి పరిహారం, పునరావాసం. పేరు లేని ఊరికి పడవ, టార్పాలిన్, పులిహోర పొట్లం.

ఈ లెక్కల గొడవ ఆదివాసీ రచయితలకు ఎందుకని అడిగేవాళ్లున్నారు. మా పండుగ గురించి, మా డోలు గురించి రాస్తే మెచ్చుకుంటారు. మా నది లెక్క గురించి అడిగితే అది మీ సబ్జెక్టు కాదంటారు. నది మాదైనప్పుడు నది లెక్క కూడా మాదే. అందుకే ఈసారి ఆ లెక్కలోని ఒక చిన్న గడి గురించి రాస్తున్నాం. ఇంగ్లీషులో దాని పేరు అవుట్‌పుట్ ఇంటర్వెల్. కంప్యూటరు కట్టిన లెక్కను ఎంతసేపటికి ఒకసారి రాసిపెట్టాలో ఆ గడిలో చెబుతారు. మేము దాన్ని నమోదు గడువు అంటున్నాం. అందులో ఏ అంకె వేయాలన్నది ఆపరేటరు ఇష్టానికి వదిలేసే విషయం కాదనీ, గ్రామసభ ముందుకు రావలసిన విషయమనీ మా వాదన.

ముందు పనితీరు చూద్దాం. నదిలో నీటినీ ఇసుకనూ లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. అమెరికా సైన్యపు ఇంజినీరింగ్ విభాగం తయారుచేసిన హెక్-రాస్ ఉంది. నెదర్లాండ్స్‌లోని డెల్టారెస్ సంస్థ తయారుచేసిన డెల్ఫ్ట్ త్రీడీ ఉంది. డెన్మార్క్ వాళ్ల మైక్ ఉంది. పేర్లు వేరైనా పద్ధతి దగ్గరదగ్గరగా ఒకటే. నదిని చిన్న చిన్న తునకలుగా విడదీస్తారు. ఒక్కో తునకలో నీరు ఎంత ఎత్తున ఉంది, ఎంత వేగంగా పోతోంది, అడుగు నుంచి ఎంత ఇసుక లేచింది, ఎంత ఒండ్రు దిగింది అని లెక్కగడతారు. కొంత కాలం ముందుకు జరిపి మళ్లీ లెక్కగడతారు. అలా యాభై ఏళ్లు, వందేళ్లు జరుపుకుంటూ పోతారు.

ఈ పనిలో మూడు గడువులున్నాయి. మూడింటినీ కలిపేసి మాట్లాడితే మనమే మోసపోతాం.

మొదటిది, నదికి ఇచ్చే నీటి గడువు. పై నుంచి ఎంత నీరు వస్తుందో కంప్యూటరుకు చెప్పాలి. రోజువారీ నీరు చెప్పవచ్చు, నెల సగటూ చెప్పవచ్చు. సగటు చెబితే ఏమవుతుందో ఒక ఊహా లెక్క చూడండి. ఒక నెలలో 27 రోజులు 2 లక్షల క్యూసెక్కులు, 3 రోజులు 20 లక్షల క్యూసెక్కులు పారాయనుకుందాం. సగటు 3.8 లక్షలు. ఇసుక మోత నీటితో సమానంగా పెరగదు, అంతకంటే బాగా వేగంగా పెరుగుతుంది. నీరు రెట్టింపైతే మోత నాలుగింతలవుతుందని పెట్టుకుంటే, సగటుతో కట్టిన లెక్క నిజమైన మోతలో మూడో వంతే చూపిస్తుంది. మిగిలిన రెండు వంతుల ఇసుక కాగితం మీద మాయమవుతుంది. నదిలో మాత్రం మాయం కాదు.

రెండోది, లెక్కగట్టే గడువు. ఒకసారి లెక్క కట్టాక ఎన్ని నిమిషాలకు మళ్లీ కట్టాలన్నది. ఇది మరీ పెద్దదైతే లెక్క ఊగిసలాడుతుంది, ఒక్కోసారి మధ్యలో తెగిపోతుంది. ఏదో తప్పు జరిగిందని ఇంజినీరుకు తెలిసే అవకాశం ఉంటుంది.

మూడోది నమోదు గడువు. లోపల పది నిమిషాలకోసారి లెక్క జరుగుతున్నా ప్రతి లెక్కనూ కంప్యూటరు దాచిపెట్టదు. రోజుకోసారి రాయమంటే రోజుకోసారి రాస్తుంది. నెలకోసారి అంటే నెలకోసారి. మధ్యలో జరిగిన లెక్కను వదిలేస్తుంది. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. ఈ గడువు తప్పుగా పెడితే లెక్క తెగిపోదు, హెచ్చరిక రాదు, ఎర్ర గుర్తు పడదు. లోపల లెక్క సక్రమంగానే జరుగుతుంది. వరద వస్తుంది, అడుగు తవ్వుతుంది, ఒడ్డు కోస్తుంది, మళ్లీ పూడుస్తుంది, తగ్గిపోతుంది. చూసినవాడు లేడు. నెలాఖరున తీసిన పటంలో నది నిమ్మళంగా ఉంటుంది.

మన ఏజెన్సీలో చలిజ్వరం తెలియనివాళ్లు లేరు. రోజు విడిచి రోజు వచ్చే మలేరియా ఉంటుంది. జ్వరం లేని రోజునే వచ్చి థర్మామీటరు పెట్టి, ఊళ్లో జ్వరాలు లేవని రాసుకుపోతే ఆ రాతను ఏమంటాం? థర్మామీటరులో దోషం లేదు, కొలిచిన చేతిలో దోషం లేదు. కొలిచిన రోజులో దోషం ఉంది. ఉపాధ్యాయులకు ఇంకా సులువుగా అర్థమయ్యే మాట: హాజరు పట్టీని నెలకోసారే తీస్తే, పదో తారీకు నుంచి ఇరవయ్యో తారీకు దాకా బడికి రాని పిల్ల కూడా ఆ పట్టీలో నిండు హాజరే. ఆ పట్టీ చూపించి మా బడిలో పిల్లలు మానడం లేదంటే ఎవరైనా నమ్ముతారా?

గోదావరి స్వభావం తెలిసినవాళ్లు నెలకోసారి చూడటాన్ని ఒప్పుకోరు. ఈ నది ఏడాది పొడవునా ఒకేలా పారదు. మోసే ఒండ్రు దాదాపు అంతా వానాకాలపు నాలుగైదు నెలల్లోనే మోస్తుంది. ఆ నెలల్లోనూ కొద్ది రోజుల పెద్ద వరదలదే ఎక్కువ వాటా. వేసవిలో కాలినడకన ఇసుక తిన్నెల మీదుగా సగం దూరం దాటగలిగే నదే ఇది. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరినదీ ఇదే. 1986 ఆగస్టులో 75.6 అడుగులకు చేరినదీ ఇదే. భద్రాచలం దగ్గర మొదటి హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53 అని మన పిల్లలకు ఎక్కాల్లా నోటికి వచ్చు. వరద రోజుల్లో గంట గంటకూ మట్టం ఎంతుందో చెబుతూనే ఉంటారు. ఇల్లు ఖాళీ చేయడానికి గంటకోసారి కొలత కావాలి. మరి ఆ ఇంటిని శాశ్వతంగా ఖాళీ చేయించాలా వద్దా అని తేల్చే లెక్కకు నెలకోసారి నమోదు చాలని ఎలా అంటారు?

నీరు పోయాక గుర్తు మిగులుతుంది కదా, నెలాఖరున చూసినా తెలుస్తుంది కదా అనవచ్చు. ఇసుక విషయంలో ఆ మాట చెల్లదు. వరద ఎక్కేటప్పుడు నది తన అడుగును తవ్వుకుంటుంది. తగ్గేటప్పుడు అదే చోట ఇసుక దించి పూడ్చుకుంటుంది. ముందు ఒక కొలత, వెనక ఒక కొలత తీస్తే తేడా సున్నా కనబడవచ్చు. ఆ రెండు కొలతల మధ్య నాలుగు రోజుల్లో ఒడ్డు కింద అడుగు లోతుకు పోయింది. ఒడ్డు ఆధారం పోయి విరిగి పడింది. దానితో పాటు మిరప చేను పోయింది, పొగాకు చేను పోయింది. అడుగు మళ్లీ నిండింది గానీ చేను మళ్లీ రాలేదు. పటంలో మాత్రం మార్పు సున్నా.

ఇది మా ఊహ కాదనడానికి పోలవరం పనుల చోటే పెద్ద సాక్ష్యం. కాఫర్ డ్యామ్‌లు పూర్తికాని దశలో వచ్చిన వరదలు ఖాళీల గుండా వడిగా పోయి, ప్రధాన డ్యామ్ లేవవలసిన చోట నది అడుగున పెద్ద పెద్ద గోతులు తవ్వాయి. డయాఫ్రమ్ గోడ దెబ్బతిన్నది. చివరికి 2025లో కొత్త గోడ పని మొదలుపెట్టారు. దేశంలో పేరున్న నిపుణులంతా ఉన్న చోట, కాంక్రీటు గోడ పక్కనే, నది కొద్ది రోజుల్లో అంత పని చేసింది. మరి వేలేరుపాడు దగ్గరి మట్టి ఒడ్డును, కూనవరం దగ్గరి శబరి ఒడ్డును నెల సగటు పటంలో చూసి భయం లేదని చెబితే మేము నమ్మాలా?

డ్యామ్ కట్టాక ఈ ప్రశ్న ఇంకా పెద్దదవుతుంది. పారే నది నిలిచిన నీటిలోకి వచ్చినప్పుడు వేగం తగ్గుతుంది. వేగం తగ్గగానే ముందు బరువైన ఇసుక దిగుతుంది. సన్నటి ఒండ్రు ఇంకా కిందికి పోయి దిగుతుంది. కాబట్టి జలాశయం తల దగ్గర, అంటే నది వచ్చి చేరే చోట, ఇసుక మేట పెరుగుతుంది. ఏటేటా అది పైకి పాకుతుంది. మేట పెరిగిన కొద్దీ అదే వరదకు నీటిమట్టం ఇంకా ఎత్తున నిలుస్తుంది. ఈరోజు మునగని ఊరు ఇరవై ఏళ్ల తర్వాత అదే నీటికి మునుగుతుంది. గోదావరి మీద దుమ్ముగూడెం దగ్గర ఒక బ్యారేజీ, తుపాకులగూడెం దగ్గర ఒక బ్యారేజీ, కింద పోలవరం. ఒక్కొక్కటీ ఇసుకకు ఒక్కో మజిలీ. డెల్టాకు చేరే ఒండ్రు 1970ల్లో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులుండేదనీ, 1990ల నాటికి 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందనీ ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎప్పుడో లెక్క చెప్పారు. సముద్రానికి చేరని ఇసుక ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. ఆగే చోట్ల మా ఊళ్లున్నాయి.

ఇప్పుడు ముంపు జాబితా దగ్గరికి వద్దాం. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాల భూభాగాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. పోలవరం ముంపు కోసమే కలిపారు. లక్షకు పైగా కుటుంబాలు కదలాలి. వారిలో సగానికి తక్కువ కాకుండా ఆదివాసులే. ఈ కుటుంబాలను కాంటూరు అనే గీత ప్రకారం విడదీశారు. మొదటి దశకు 41.15 మీటర్లు, పూర్తి నీటిమట్టానికి 45.72 మీటర్లు. గీతకు కింద ఉన్నవాళ్లు ముందు, పైన ఉన్నవాళ్లు తరవాత. కాంటూరు అంటే చదునైన గీత. వరద నీరు చదునుగా ఉండదు. పైకి పోయేకొద్దీ వాలుగా ఎత్తు పెరుగుతుంది, వాగుల్లోకి ఎగదన్నుతుంది. 2019 ఆగస్టులో దేవీపట్నం మండలం ఊళ్లలోకి నీరొచ్చింది. 2022 జూలైలో మొదటి దశ జాబితాలో లేని ఊళ్లు కూడా మునిగాయి. ఆ తర్వాత కొన్ని ఊళ్లను జాబితాలో చేర్చవలసి వచ్చింది. అంటే జాబితాను దిద్దింది వరద. పరిహారం ముందు రావాలి, వరద తర్వాత రావాలి. మాకు తిరగబడి వచ్చింది.

ఇలాంటి చోట నమోదు గడువు ఎందుకంత ముఖ్యమో మా అసలు మాట చెబుతున్నాం. మా దగ్గర సాక్ష్యం ఉంది. 1986 నీరు ఏ చింతచెట్టు కొమ్మదాకా వచ్చిందో చెప్పే ముసలివాళ్లున్నారు. 2022 నీరు ఏ బడి గోడ మీద ఎంత ఎత్తున బురద గీత గీసిందో చూపించే పిల్లలున్నారు. ఫోనుల్లో తారీకు, సమయంతో సహా తీసిన ఫొటోలున్నాయి. ఏ రోజు పొద్దున ఏ వాగు వెనక్కి పారిందో, ఏ రాత్రి ఒడ్డు విరిగిందో చెప్పగలం. ఈ సాక్ష్యాన్ని కంప్యూటరు లెక్క పక్కన పెట్టి సరిచూడాలంటే, కంప్యూటరు కూడా ఆ రోజు, ఆ పూట ఏం లెక్కగట్టిందో రాసిపెట్టి ఉండాలి. జూలై నెల మొత్తానికి ఒక్క అంకె పెట్టుకుని కూర్చుంటే మా బురద గీతను దేనితో పోలుస్తారు? అప్పుడు మా మాట అబద్ధమని ఎవరూ అనరు. దానికి పట్టికలో చోటు లేదంటారు. సాక్షిని బోనులోకి రానివ్వకుండా తీర్పు రాయడమంటే ఇదే. నమోదు గడువు అనే చిన్న అంకె మా సాక్షిని లోపలికి రానిస్తుందా, వాకిట్లోనే ఆపేస్తుందా అని తేలుస్తుంది.

రెండో మాట, ఎక్కడ నమోదు చేస్తారన్నది. డెల్ఫ్ట్ త్రీడీలో రెండు రకాల దస్తావేజులుంటాయి. నది మొత్తం పటాన్ని అరుదుగా రాసే ఫైలు ఒకటి. ముందే ఎంచుకున్న కొన్ని చోట్ల మాత్రం చాలా తరచుగా రాసే ఫైలు ఒకటి. ఆ చోట్లను పరిశీలన బిందువులు అంటారు. హెక్-రాస్‌లో కూడా మామూలు వరద లెక్కకు పటం గడువు వేరు, నీటి రాకడ గీత గడువు వేరు, పూర్తి వివరాల గడువు వేరుగా పెట్టుకోవచ్చు. ఇసుక లెక్కకు ఎన్ని లెక్కలకోసారి రాయాలో, ఎంత వివరంగా రాయాలో వేరే గళ్లున్నాయి. అంటే సాధనం చేతిలోనే ఉంది. డ్యామ్ గేట్ల దగ్గర బిందువు పెట్టి, వంతెన దగ్గర బిందువు పెట్టి, కొండరెడ్ల గూడెం దగ్గర పెట్టకపోతే ఆ గూడెం ఆ లెక్కలో నెలకోసారే ఉంటుంది. జనాభా లెక్కల్లో ఇంటికి రాకుండా పోయినట్టే ఇదీ.

దీనికి ఎదురు వచ్చే వాదనలు మాకు తెలుసు. ఒక్కొక్కటీ చూద్దాం.

ఫైళ్లు బరువైపోతాయంటారు. ఇందులో కొంత నిజముంది. నదిని పది లక్షల తునకలు చేసి, తునకకు పది అంకెల చొప్పున, గంటకోసారి యాభై ఏళ్లు రాస్తే 35,000 జీబీ అవుతుంది. అది బరువే. అంత కావాలని మేము అడగడం లేదు. ఒక్క ఊరి దగ్గర పది అంకెలు గంటకోసారి యాభై ఏళ్లు రాస్తే ఎంతవుతుంది? గంటలు 4,38,000. అంకెలు 43,80,000. అంకెకు 8 బైట్లు వేసుకున్నా 35 ఎంబీ. ఫోనులో తీసిన చిన్న వీడియో అంత. వంద ఊళ్లకు మూడున్నర జీబీ. కొట్టులో దొరికే మెమరీ కార్డులో పడుతుంది. లక్ష కుటుంబాల గతి తేల్చే లెక్కకు ఒక మెమరీ కార్డు బరువైందా? పటాల సంగతికి వస్తే, వేసవిలో నెలకోసారి తీయండి, అభ్యంతరం లేదు. జూన్ నుంచి అక్టోబరు దాకా రోజుకోసారి, పెద్ద వరద రోజుల్లో గంటకోసారి తీయండి. నది పరిగెత్తేటప్పుడు కన్ను తెరవాలి, నిద్రపోయేటప్పుడు మూసుకున్నా ఫరవాలేదు.

ఇసుక లెక్క ఎలాగూ అంత కచ్చితం కాదు, గంటల లెక్క రాస్తే లేని కచ్చితత్వం చూపినట్టవుతుందంటారు. ఇసుక లెక్కలో అనుమానం ఎక్కువే, ఒప్పుకుంటాం. ఒక సూత్రానికి మరో సూత్రానికి ఫలితం చాలా తేడా వస్తుంది. అయితే అనుమానం ఉన్నప్పుడు ఇంతనుంచి ఇంతదాకా కావచ్చని హద్దులు చెప్పాలి. రోజులను దాచిపెట్టడం అనుమానానికి మందు కాదు. పైగా ఆ అనుమానాన్ని ముంపు జాబితా రాసేటప్పుడు ఎందుకు గుర్తు చేసుకోరు? గీతకు అడుగు పైన ఉన్న ఇంటికి అప్పుడు మాత్రం కచ్చితంగా మునగదని చెబుతారు. కచ్చితత్వం అధికారికి పనికొచ్చినప్పుడు ఉంటుంది, మాకు పనికొచ్చినప్పుడు ఉండదు.

మొత్తం లెక్క ఎలాగూ సరిగ్గానే వస్తుందంటారు. ఇది సగం నిజం, అందుకే జాగ్రత్తగా వినాలి. యాభై ఏళ్లలో మొత్తం ఎంత ఇసుక చేరిందన్న అంకె నమోదు గడువుతో మారదు. లోపల కూడుతూ వస్తారు కాబట్టి చివరి మొత్తం నిలుస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు అత్యధిక నీటిమట్టాన్ని కూడా విడిగా గుర్తుపెట్టుకుంటాయి. కానీ ఎప్పుడు ఆ మట్టం వచ్చింది, ఎన్ని గంటలు నిలిచింది, ఆ వేళ అడుగు ఎంత లోతున ఉంది, ఒడ్డు మీద వేగం ఎంత అన్నవి పోతాయి. డ్యామ్ యజమానికి కావలసింది మొత్తం: జలాశయం ఎన్నేళ్లకు పూడుతుంది, ఎంత నీరు నిలుస్తుంది. మాకు కావలసింది పూట: ఏ పూట పడవ కట్టాలి, ఎన్ని రోజులు ఊరు నీళ్లలో ఉంటుంది, విత్తనం ఎన్నాళ్లు నానుతుంది. నెలకోసారి నమోదు ఆయన ప్రశ్నకు సరిపోతుంది. మా ప్రశ్నకు సరిపోదు. ఎవరి ప్రశ్నకు సరిపడేలా గడువు పెట్టారో చూస్తే ఆ లెక్క ఎవరి కోసం కట్టారో తెలిసిపోతుంది.

చివరగా, ఊరివాళ్లకు ఇవన్నీ అర్థం కావంటారు. ఈ మాట మాకు కొత్త కాదు. పట్టా కాగితం అర్థం కాదన్నారు, అటవీ హక్కుల చట్టం అర్థం కాదన్నారు, బ్యాంకు పాసుపుస్తకం అర్థం కాదన్నారు. అర్థం కాదన్న చోటల్లా ఏదో ఒకటి పోగొట్టుకున్నాం. భద్రాచలంలో 53 అడుగులంటే తమ ఊరి ఏ వీధిలోకి నీరొస్తుందో చెప్పగలిగిన జనానికి ఒక గీత పటం అర్థం కాదనడం అవమానం.

చట్టం మన పక్కన కొంతైనా ఉంది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి సేకరించే ముందు, జనానికి పునరావాసం కల్పించే ముందు గ్రామసభను గానీ పంచాయతీని గానీ సంప్రదించాలి. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ ముందస్తు సమ్మతి కావాలంటోంది. ఏమి చూపించి సమ్మతి అడుగుతున్నారన్నది మన ప్రశ్న. సగం లెక్క చూపించి తీసుకున్న సమ్మతి సమ్మతి కాదు. ఇక 2005 సమాచార హక్కు చట్టం. అందులో సమాచారం అంటే ఏమిటో చెప్పే చోట నివేదికలు, కాగితాలతో పాటు నమూనాలు, ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న డేటా అని స్పష్టంగా రాసి ఉంది. కాబట్టి ముద్రించిన నివేదిక ఇచ్చి చేతులు దులుపుకుంటే ఒప్పుకోనక్కరలేదు. కంప్యూటరుకు ఇచ్చిన ఫైళ్లు, కంప్యూటరు ఇచ్చిన ఫైళ్లు అడగవచ్చు. అవి వస్తే నమోదు గడువు తప్పుగా పెట్టినా మనమే మార్చి మళ్లీ నడపవచ్చు.

అందుకే గ్రామసభ తీర్మానాల్లో ఈ మాటలు చేరాలని కోరుతున్నాం.

1. నది మీద ఏ కట్టడానికైనా తయారుచేసిన వరద, ఇసుక లెక్క నివేదిక మొదటి పేజీలోనే మూడు గడువులూ రాయాలి: నీరు ఏ గడువున ఇచ్చారు, లెక్క ఏ గడువున కట్టారు, ఫలితం ఏ గడువున నమోదు చేశారు.

2. ముంపులో ఉన్న ప్రతి ఊరికీ, ముంపు గీతకు దగ్గరగా ఉన్న ప్రతి ఊరికీ ఒక పరిశీలన బిందువు ఉండాలి. అది ఎక్కడ పెట్టాలో ఊరే చూపించాలి.

3. వానాకాలంలో రోజుకోసారి, పెద్ద వరదల్లో గంటకోసారి నమోదు ఉండాలి. 1986, 2022 వరదల రోజులను విడిగా నడిపి చూపించాలి.

4. ఆ ఫలితాన్ని ఊరివాళ్ల గుర్తులతో, ఫొటోలతో ఊళ్లోనే సరిచూడాలి. తేడా వస్తే తేడా ఎంతో నివేదికలో రాయాలి.

5. ఫైళ్లన్నీ ఐటీడీఏ దగ్గర, కాలేజీల దగ్గర ఉండాలి. అడిగినవాళ్లకు ఇవ్వాలి.

ఉపాధ్యాయ మిత్రులారా, దీనికి పెద్ద ల్యాబు అవసరం లేదు. ఒక గళ్ల కాగితం చాలు. 2022 జూలైలో భద్రాచలం నీటిమట్టాలు పాత పత్రికల్లో దొరుకుతాయి. తొమ్మిదో తరగతి పిల్లలతో రోజుకో చుక్క పెట్టించండి, గీత కలిపించండి. రెండో కాగితం మీద జూలై 1 చుక్క, ఆగస్టు 1 చుక్క మాత్రమే పెట్టించి గీత కలిపించండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, రెండో దాంట్లో 71.3 ఎక్కడుందో వెతకమనండి. నమోదు గడువు అంటే ఏమిటో ఆ పీరియడు అయ్యేలోగా వాళ్లకు తెలుస్తుంది. వాళ్ల ఇంట్లో ముసలివాళ్లను అడిగి 1986 గుర్తులు రాసుకురమ్మనండి. ఏ చెట్టు, ఏ గడప, ఎన్ని మెట్లు. ఆ పుస్తకం రేపు గ్రామసభలో పనికొస్తుంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఇంజినీరింగ్ చదివి ఊళ్లో ఖాళీగా ఉన్నవాళ్లు మీలో ఎంతమంది లేరు! హెక్-రాస్ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని వాడే విధానం చెప్పే పుస్తకాలు కూడా ఉచితమే. ఇంగ్లీషు కొంచెం కష్టపెడుతుంది, కంప్యూటరు నెమ్మదిగా నడుస్తుంది, అయినా నేర్చుకోదగిన పనే. మండలానికి ఇద్దరు నేర్చుకుంటే చాలు. మా ఊరికి గంటకోసారి లెక్క ఏదండీ అని మీటింగులో లేచి అడిగే గొంతు మన దగ్గర ఉంటుంది. అధికారి జవాబు చెప్పవలసి వస్తుంది.

డ్యామ్ వద్దన్నవాళ్లు మనలో ఉన్నారు, పరిహారం సరిగా ఇస్తే కదులుతామన్నవాళ్లూ ఉన్నారు. ఆ వాదన వేరే చోట జరుగుతోంది, జరగాలి. ఈ మాటలో మాత్రం రెండు వైపులవాళ్లూ ఒకటి కావచ్చు. మా నది లెక్క కడితే మా కళ్లముందు కట్టండి. మా ఊరు మునిగే పూటను లెక్కలోంచి తీసేయకండి. నెలకోసారి కన్ను తెరిచి నది నిమ్మళంగా ఉందని రాసిన ఏ కాగితం మీదా మా గ్రామసభ వేలిముద్ర పడదు.